వ్యాయామోపాధ్యాయుని యోగ్యతలు

ప్రతి వృత్తికిని ఒక ద్వారము కలదు. వైద్యుడు కాగోరువాడు ఏమి చదివి రావలెనో, న్యాయవాది కాగోరువాడు ఏ పరీక్షలో ఉత్తీర్ణుడు కావలెనో లోకమునకు తెలియును. వానినిగూర్చి పెద్దగా వాదము లేదు. వ్యాయామోపాధ్యాయుని విషయము అంత సులభముగా తేలలేదు. వ్యాయామ కళాశాల వాకిట నిలిచిన యువకుని ఏమని ప్రశ్నింపవలెను? ఎంత వేగముగా పరుగెత్తగలవని అడుగవలెనా, ఏ పట్టము పుచ్చుకొంటివని అడుగవలెనా? శరీరబలమును చూడవలెనా, శరీరశాస్త్ర పరిజ్ఞానమును చూడవలెనా? గడచిన రెండువందల సంవత్సరములలో ఈ ప్రశ్నకు పెక్కు సమాధానములు వచ్చినవి. ఏ కాలమున ఏ సమాధానము చెల్లెనో తెలిసికొన్నచో, ఆ కాలపు పాఠశాల పిల్లల దేహారోగ్యమునకు ఎంత విలువ నిచ్చెనో కూడ తెలియును.

ఇది కళాశాలల కార్యాలయములకు మాత్రమే సంబంధించిన సంగతి యని తోచవచ్చును. కాని తరగతిలో గణితము చెప్పు ఉపాధ్యాయుడు పొరబడినచో పిల్లవాని లెక్క తప్పును. దానిని మరునాడు దిద్దుకొనవచ్చును. ఆటస్థలములో ఉపాధ్యాయుడు పొరబడినచో ఎముక విరుగును. ఉబ్బసము గల బాలిక ఎండలో కూలబడును. స్థూలకాయుడైన బాలుడు పదిమంది నవ్వునకు గురియై, ఆటయన్న మాటనే జీవితకాలము ద్వేషించును. కావున ఆ స్థలములో ఎవరు నిలువవలెనను ప్రశ్న పిల్లలు గల ప్రతి గృహమునకును చెందినదే.

మన పూర్వపు వ్యాయామశాలలలో ఈ చిక్కు లేదు. సాముగరిడీలలోను, తాలీంఖానాలలోను గురువు యోగ్యత ఆయన శరీరమునందే కనబడుచుండెను. ఆయన మట్టిలో దిగి పట్టు చూపినచో శిష్యునకు నమ్మకము కలిగెడిది. శిష్యుని యోగ్యతను నిర్ణయించునదియు గురువు కన్నే. ధ్రువపత్రముతో పనిలేదు. ఈ పద్ధతికి ఒక ఆధారము కలదు: అక్కడికి వచ్చువాడు తన ఇష్టముతో వచ్చెడివాడు, సాధారణముగా బలవంతుడై వచ్చెడివాడు. పాఠశాల ఏర్పడి, ఊరి పిల్లలందరును ఒకే తరగతిలో చేరిన పిమ్మట ఆ ఆధారము పోయినది. బలవంతుడును, దుర్బలుడును, ఇష్టము గలవాడును, లేనివాడును ఒకే వరుసలో నిలిచిరి. వీరందరికి నేర్పువాడు ఎట్టివాడై యుండవలెనను ప్రశ్న అప్పుడు పుట్టినది.

ఐరోపాలో దీనికి రెండు సమాధానములు వచ్చినవి. మొదటిది స్వీడను దేశమునందలి పెర్ హెన్రిక్ లింగ్ ఇచ్చినది. ఆయన 1813లో స్టాక్‌హోము నగరమున రాజకీయ కేంద్ర వ్యాయామ విద్యాలయమును స్థాపించెను. వ్యాయామమును ఆయన నాలుగు శాఖలుగా విభజించెను: విద్యకు సంబంధించినది, సైన్యమునకు సంబంధించినది, చికిత్సకు సంబంధించినది, సౌందర్యమునకు సంబంధించినది. చికిత్స ఇందులో ఒక శాఖ యగుటచేత, శిక్షకునకు అస్థిపంజరము, కండరములు, శ్వాసకోశము మున్నగువాని జ్ఞానము తప్పనిసరి యయ్యెను. 1864 నుండి ఆ సంస్థలో స్త్రీలకును శిక్షణ లభించెను. అక్కడ చదివిన మార్టినా బెర్గ్‌మన్ ఓస్టర్‌బెర్గ్ అను వనిత ఇంగ్లండునకు వచ్చి, లండను పాఠశాలల సంఘమువారి కొలువులో పనిచేసి, 1885లో హాంప్‌స్టెడ్‌లో స్త్రీలకు వ్యాయామోపాధ్యాయ కళాశాలను ప్రారంభించెను. అది 1895లో డార్ట్‌ఫర్డ్‌నకు మారెను. చక్కగా చదువుకొన్న యువతులను చేర్చుకొని, వారికి శరీరశాస్త్రమును, ఆరోగ్యశాస్త్రమును, వ్యాయామముతోపాటు బోధించుట ఆమె పద్ధతి.

రెండవ సమాధానము సైన్యమునుండి వచ్చినది. 1860లో ఆక్స్‌ఫర్డులో ఆర్చిబాల్డ్ మక్‌లారెన్ అను వ్యాయామాచార్యుని యొద్దకు బ్రిటిషు సైన్యము పన్నిద్దరు సార్జంట్లను శిక్షణకై పంపెను. సైన్యమునకు అది గొప్ప మేలు చేసినది. ఆ తరువాత బ్రిటిషు పాఠశాలలలో డ్రిల్లు ప్రవేశించినపుడు, దానిని నేర్పుటకు సిద్ధముగా నున్నవారు సైన్యమునుండి వచ్చినవారే. వారు వరుస తీర్చుట, ఆజ్ఞ ఇచ్చుట ఎరిగినవారు. జీతమును తక్కువ. ఆ కారణమున విద్యాధికారులకు ఈ ఏర్పాటు సుఖముగా నుండెను.

అదే కాలమున అమెరికాలో మరియొక మార్గము తెరవబడెను. 1861లో ఆమ్‌హర్స్ట్ కళాశాలవారు ఎడ్వర్డ్ హిచ్‌కాక్ అను వైద్యుని ఆరోగ్యశాస్త్ర వ్యాయామవిద్యలకు ఆచార్యునిగా నియమించిరి. ఆరోగ్యము, వ్యాయామము అను రెండు మాటలును ఒకే పదవి పేరులో చేరుట గమనింపదగిన విషయము. విద్యార్థుల దేహమును కొలిచి, పరీక్షించి, ఎవరికి ఎట్టి వ్యాయామము తగునో నిర్ణయించుట ఆయన పనిలో భాగము. అనగా పందొమ్మిదవ శతాబ్ది ముగియకముందే ఇద్దరు వ్యాయామోపాధ్యాయులు లోకము నెదుట నిలిచియుండిరి: ఒకడు ఆజ్ఞాపించువాడు, రెండవవాడు పరిశీలించువాడు. మన దేశమునకు మొదట వచ్చినది ఆజ్ఞాపించువాడు.

1882లో నియమింపబడిన హంటరు సంఘము, దేశీయ క్రీడలను, వ్యాయామములను, డ్రిల్లును ఆయా పాఠశాలల పరిస్థితికి తగినట్లు ప్రోత్సహింపవలెనని సిఫారసు చేసెను. సిఫారసు మంచిదే. నేర్పువారేరి? సైన్యమునుండి విరమించిన సిపాయిలు, హవల్దారులు పాఠశాలలలో డ్రిల్లు మాస్టర్లయిరి. వారిలో నిజాయితీగా పనిచేసినవారు అనేకులు. అయినను వారి చదువు స్వల్పము. ఉపాధ్యాయుల గదిలో వారికి సమానమైన కుర్చీ దొరకలేదు. డ్రిల్లు మాస్టరనగా ఈలయు, బెత్తమును, గంభీరమైన కంఠమును గలవాడను భావము ప్రజలలో నాటుకొనెను. తరువాతి తరములలో పట్టభద్రులు ఆ పదవికి వచ్చినను ఆ పాత భావము వారిని వెన్నాడుచునే యున్నది.

ఆ కాలమున తెలుగువారిలో ఒక మహాబలుని వృత్తాంతము ఈ సందర్భమున స్మరణీయము. కలియుగ భీముడని ప్రసిద్ధికెక్కిన కోడి రామమూర్తి నాయుడు 1882లో శ్రీకాకుళపు ప్రాంతమునందలి వీరఘట్టములో జన్మించెను. విజయనగరములో పెరిగి, వ్యాయామశాలలో దేహమును పెంపొందించుకొనెను. అట్టి బలశాలి కూడ పాఠశాలలో వ్యాయామము నేర్పవలెనన్నచో బలమొక్కటియే చాలలేదు. ఆయన మద్రాసునకు పోయి, సైదాపేటలో ఒక సంవత్సరము వ్యాయామశిక్షణము పొంది, ధ్రువపత్రముతో తిరిగివచ్చి, విజయనగరములో తాను చదివిన పాఠశాలయందే వ్యాయామోపాధ్యాయుడయ్యెను. తరువాత ఆయన సర్కసు సంస్థను నడిపి, ఛాతీపై ఏనుగును నిలుపుకొని, ఉక్కు గొలుసులను త్రెంచి, దేశవిదేశములలో పేరుగాంచి, 1942లో మరణించెను. ఏనుగును మోయగల మనుష్యుడును బడిపిల్లల ముందు నిలుచుటకు ఒక యేడు చదువవలసి వచ్చినది. తాలీంఖానా యోగ్యత వేరు, పాఠశాల యోగ్యత వేరు అను సంగతి ఇరువదవ శతాబ్ది ఆరంభమునకే తెలుగునాట స్పష్టమైనదని దీనివలన తెలియుచున్నది.

అయినను ఈ వృత్తికి ప్రత్యేకముగా ఒక విద్యాలయము కావలెనను తలంపు 1920లో మద్రాసున రూపుదాల్చెను. క్రైస్తవ యువజన సంఘమువారు 1908లోనే డాక్టరు జె. హెచ్. గ్రే అను వ్యాయామనిపుణుని కలకత్తాకు రప్పించిరి. 1919లో హ్యారీ క్రో బక్ అను అమెరికనుడు మద్రాసునకు వచ్చెను. ఆయన స్ప్రింగ్‌ఫీల్డు కళాశాలలో చదివినవాడు. 1891లో జేమ్స్ నైస్మిత్ బాస్కెట్‌బాలు ఆటను కనుగొన్నది ఆ విద్యాలయములోనే. బక్ 1920లో అయిదుగురు విద్యార్థులతో, ఎరవు తెచ్చిన సామానుతో, ఒక తాటాకు పాకలో శిక్షణశాలను ప్రారంభించెను. అదియే నందనములో అడయారు నది దాపున పెరిగిన వై.ఎం.సి.ఏ. వ్యాయామ కళాశాల.

ఈ కళాశాల చేసిన ముఖ్యమైన మార్పు, అభ్యర్థిని అడుగు ప్రశ్నలోనే యున్నది. పూర్వము నీవు ఏ పటాలములో పనిచేసితివని అడిగెడివారు. ఇప్పుడు నీవు ఏమి చదివితివని అడుగసాగిరి. పట్టభద్రులకు డిప్లొమాయు, పట్టము లేనివారికి సర్టిఫికెట్టును ఏర్పడెను. చదువు స్థాయిని బట్టి శిక్షణలో తరగతులు వచ్చినవి. తరగతులను బట్టి కొలువులును, జీతములును వచ్చినవి. ఈ తారతమ్యమువలన కొందరికి బాధ కలిగినను, ఒక మేలు జరిగినది. పట్టము పుచ్చుకొన్న యువకుడు సిగ్గుపడక ఈ వృత్తిలోనికి రాగలిగెను.

బక్ కార్యము కళాశాల ప్రహరీలో నిలువలేదు. 1924లో పారిస్ ఒలింపిక్ క్రీడలకు పోయిన భారతీయ జట్టునకు ఆయన మేనేజరుగా వెళ్లెను. ఆయనయు, అదే సంఘమునకు చెందిన డాక్టరు నోరెన్‌యు చేసిన కృషి 1927లో భారత ఒలింపిక్ సంఘము ఏర్పడుటకు తోడ్పడెను. దాని ప్రథమాధ్యక్షుడు సర్ దొరాబ్జీ టాటా. బక్ 1943లో మద్రాసునందే కాలధర్మము చెందెను. అంతకు మూడేండ్లు ముందు, 1940లో, ఆ కళాశాల స్త్రీలకును ప్రవేశము కల్పించెను. స్టాక్‌హోములో ఆ ద్వారము తెరచిన డెబ్బదియారేండ్లకు మద్రాసులో తెరువబడినదన్నమాట. బాలికల పాఠశాలలలో వ్యాయామము నేర్పు స్త్రీ లేనందున ఎందరు బాలికలు ఆటకు దూరమైరో ఊహింపవచ్చును.

మద్రాసు చూపిన దారిని ఇతర ప్రాంతములు పట్టినవి. 1931లో హైదరాబాదున ప్రభుత్వ వ్యాయామ కళాశాల వెలసెను. 1932లో కలకత్తాలోను, లక్నోలోను, 1938లో బొంబాయి చెంత కాందివలీలోను ఇట్టి సంస్థలు ఏర్పడెను. అమరావతి నగరములో, అనగా విదర్భ ప్రాంతపు అమరావతిలో, 1914లోనే వైద్య సోదరులు స్థాపించిన హనుమాన్ వ్యాయామ ప్రసారక మండలి దేశీయ వ్యాయామములను శాస్త్రీయముగా నేర్పుచుండెను. ఆ మండలి జట్టు 1936లో బెర్లిను నగరమునకు పోయి భారతీయ క్రీడలను ప్రదర్శించెను. స్వదేశపు గరిడీయు, విదేశపు శరీరశాస్త్రమును ఒకే శిక్షకునిలో కలియగలవని ఈ సంస్థలు నిరూపించినవి.

స్వాతంత్ర్యానంతరము ప్రశ్న మరికొంత లోతుగా చర్చింపబడెను. 1952లో నియమితమైన మాధ్యమిక విద్యాసంఘమునకు అధ్యక్షుడు డాక్టరు ఆర్కాటు లక్ష్మణస్వామి మొదలియారు. ఆయన కర్నూలులో జన్మించినవాడు, వైద్యుడు, మద్రాసు విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షుడు. 1953లో వెలువడిన ఆ సంఘపు నివేదికలో మూడు సూచనలు మన విషయమునకు ముఖ్యములు. నలువది ఏండ్లకు లోబడిన ఉపాధ్యాయులందరును పిల్లల వ్యాయామ కార్యక్రమములలో పాల్గొనవలెననునది మొదటిది. వ్యాయామోపాధ్యాయుడు శరీరధర్మశాస్త్రము, ఆరోగ్యశాస్త్రము వంటి విషయములను తరగతిలో బోధించుటలోను పాలుపంచుకొనవలెననునది రెండవది. అదే అర్హత గల ఇతర ఉపాధ్యాయులతో సమానమైన హోదా ఆయనకు ఉండవలెననునది మూడవది. వైద్యుడైన అధ్యక్షుని చూపు ఇందులో కనబడుచున్నది. ఆటస్థలమునకు పరిమితుడైన మనుష్యుని ఆ నివేదిక తరగతి గదిలోనికి పిలిచెను.

1950లో కేంద్ర ప్రభుత్వము వ్యాయామవిద్యకు ఒక సలహామండలిని నియమించెను. 1956లో ఒక జాతీయ ప్రణాళిక వెలువడెను. ఆ మరు సంవత్సరమే గ్వాలియరులో లక్ష్మీబాయి పేరిట కళాశాల ప్రారంభమయ్యెను. 1857 సంగ్రామమునకు అది శతవార్షిక సంవత్సరము. ఝాన్సీరాణి ప్రాణములర్పించిన నగరము గ్వాలియరు. దానికి ప్రథమ ప్రిన్సిపాలు పి. ఎం. జోసెఫ్; అంతకుముందు ఆయన కాందివలీ సంస్థను నడిపినవాడు. ఈ కళాశాలతో మన దేశమున వ్యాయామవిద్యలో మూడు సంవత్సరముల పట్టపు చదువు మొదటిసారిగా ఏర్పడెను. 1963లో స్నాతకోత్తర విద్యయు వచ్చెను. 1995లో ఆ సంస్థకు విశ్వవిద్యాలయ ప్రతిపత్తి లభించెను.

మద్రాసు పద్ధతికిని, గ్వాలియరు పద్ధతికిని గల భేదమును కొంచెము ఆలోచింపవలెను. ఏదో ఒక శాస్త్రములో పట్టభద్రుడైనవానిని తెచ్చి ఒక సంవత్సరము వ్యాయామము నేర్పుట మొదటి పద్ధతి. పాఠశాల చదువు ముగించిన పదునేడు, పదునెనిమిది ఏండ్ల యువకుని చేర్చుకొని, మూడేండ్లు దేహమును, బుద్ధిని జతగా తీర్చుట రెండవ పద్ధతి. మొదటివాడు వయస్సు వచ్చినవాడు, లోకజ్ఞానము గలవాడు. కాని అతని కీళ్లు అప్పటికే బిగిసియుండును, శిక్షణకాలమును చాలదు. రెండవవాడు లేత వెదురు. ఎట్లు వంచిన అట్లు వంగును. అయితే ఆ వయస్సులో తన వృత్తిని తానే నిర్ణయించుకొనగలడా యను సందేహము కలదు. ఈ రెండు మార్గములును మన దేశమున పక్కపక్కనే సాగుచు వచ్చినవి. ఏ యొక్కటియు రెండవదానిని తొలగింపలేదు.

ఉపాధ్యాయ శిక్షణమునకెల్ల ఒకే కొలత కావలెనని 1993లో పార్లమెంటు చట్టము చేసెను. దాని ప్రకారము 1995లో జాతీయ ఉపాధ్యాయవిద్యా మండలి చట్టబద్ధమై పని ప్రారంభించెను. ఈ మండలి 2014లో ప్రకటించిన నియమావళిలో బి.పి.ఎడ్. చదువు ఒక సంవత్సరమునుండి రెండు సంవత్సరములకు పెరిగెను. ఆ నియమావళి విధించిన ప్రవేశార్హతలను చదివినచో రెండువందల ఏండ్ల వాదమంతయు అంకెలలో కనబడును. ఏ విషయములోనైనను 50 శాతము మార్కులతో పట్టము పొంది, కళాశాలల పోటీలలోగాని, జిల్లా, పాఠశాలల పోటీలలోగాని పాల్గొన్నవాడు అర్హుడు. వ్యాయామవిద్యలోనే పట్టము పొందినవానికి, లేక పట్టపు చదువులో వ్యాయామమును ఒక పాఠ్యాంశముగా చదివినవానికి 45 శాతము చాలును. రాష్ట్రస్థాయిలోగాని, జాతీయస్థాయిలోగాని ఆడినవానికిని 45 శాతమే. ఇక అంతర్జాతీయ పోటీలలో పాల్గొన్నవానికి పట్టముండిన చాలును, మార్కుల శాతముతో పనిలేదు. అనగా ఆటలో ఎంత ఎత్తునకు పోయినచో, పుస్తకపు గడప అంత తగ్గును. దేహమునకును, విద్యకును మధ్య త్రాసు వేలాడగట్టి తూచినట్లున్నది.

తెలుగు రాష్ట్రములు రెండింటిలోను ఈ ప్రవేశమునకు పీసెట్ అను పేర పరీక్ష జరుగుట వాడుక. ఇటీవలి సంవత్సరముల పద్ధతి ననుసరించి అది కాగితముపై వ్రాయు పరీక్ష కాదు. మైదానములో ఇచ్చు పరీక్ష. మొత్తము 500 మార్కులలో 400 దేహదార్ఢ్యమునకు, 100 ఏదేని ఒక ఆటలోని నైపుణ్యమునకు. నూరు మీటర్ల పరుగు, గుండు విసరుట, పురుషులకు 800 మీటర్లును స్త్రీలకు 400 మీటర్లును పరుగు, దుముకుటలో పొడవుగాని ఎత్తుగాని ఒకటి, ఇవి నాలుగు అంశములు. ఒక్కొక్కదానికి నూరు మార్కులు. పురుషుల గుండు ఆరు కిలోలు, స్త్రీల గుండు నాలుగు కిలోలు. పట్టభద్రులు బి.పి.ఎడ్.కును, ఇంటర్మీడియెట్ ముగించినవారు డి.పి.ఎడ్.కును పోవుదురు. పుస్తకపు పరీక్ష ముందుగా కళాశాలలోనే ముగిసినది గనుక, వాకిట దేహమును పరీక్షించిన చాలునని ఈ పద్ధతి భావము.

దీనికి తగిన హేతువు కలదు. దుముకుట నేర్పువాడు దుమికి చూపవలెను. పిల్ల జారిపడునపుడు చేయి అందించుటకు ఆయన చేతిలో సత్తువ యుండవలెను. కావున మైదానపు పరీక్షను వ్యర్థమనరాదు. అయితే ఇందొక వెలితి కలదు. ఏ విషయములో పట్టము పొందినను చాలునన్నపుడు, వాణిజ్యశాస్త్రము చదివినవాడును, చరిత్ర చదివినవాడును సమానముగా వత్తురు. వారికి గుండె కొట్టుకొను విధము, ఎముక పెరుగు క్రమము, రక్తహీనత లక్షణములు తెలిసియుండవలెనను నియమము లేదు. పరుగు పందెములోను అవి పరీక్షింపబడవు. వ్యాయామపు ద్వారమున రెండు కావళ్లున్నవి, ఆరోగ్యపు ద్వారమున ఒక్క కావలియు లేదు. ఆ భారమంతయు లోపలి రెండేండ్ల చదువుపైనే పడుచున్నది. ఆ చదువు శ్రద్ధగా జరిగిన కళాశాలనుండి ఉపాధ్యాయుడు వచ్చును. జరుగని కళాశాలనుండి మంచి ఆటగాడు మాత్రమే వచ్చును.

ఈ వెలితి నేడు మరింత ముఖ్యమైనది. 2005లో వెలువడిన జాతీయ పాఠ్యప్రణాళికా చట్రము ఆరోగ్యమును, వ్యాయామమును కలిపి ఒకే పాఠ్యరంగముగా పరిగణించెను. హిచ్‌కాక్ పదవి పేరులో 1861లో కలిసిన రెండు మాటలు మన పాఠ్యప్రణాళికలో మరల కలిసినవి. ఆహారము, పరిశుభ్రత, యౌవనారంభమున దేహములో కలుగు మార్పులు, ప్రథమ చికిత్స, ఇవి యన్నియు ఆయన బోధింపవలసినవే. కాని 2009 నాటి విద్యాహక్కు చట్టపు షెడ్యూలులో, నూరుమందికి మించిన ఆరు మొదలు ఎనిమిది వరకు గల తరగతులకు ఆరోగ్య వ్యాయామవిద్యలలో ఉండవలసినవాడు పార్ట్‌టైము బోధకుడని వ్రాయబడినది. అదే షెడ్యూలు ప్రతి పాఠశాలకును ఆటస్థలము కావలెనని చెప్పినది. స్థలము పూర్తికాలము, గురువు మాత్రము సగము కాలము! 1953లో మొదలియారు సంఘము కోరిన సమాన హోదా ఎక్కడ, ఈ మాట ఎక్కడ? వాకిట పట్టమును, క్రీడాపత్రములను, గుండును, పరుగును కోరి, లోపలికి వచ్చినవానికి అరకుర్చీ వేయుట న్యాయము కాదు.

ప్రవేశార్హతల చరిత్రలో మనము చాల దూరము వచ్చితిమి. సార్జంటు కంఠమునుండి పట్టపు పత్రమునకు, పురుషుల పటాలమునుండి స్త్రీపురుషుల సహవిద్యకు, ఒక యేటి సర్టిఫికెట్టునుండి స్నాతకోత్తర విద్యకు వచ్చితిమి. ఇంకను అడుగవలసిన ప్రశ్న ఒకటి మిగిలియున్నది. వెనుకబడి పరుగెత్తు పిల్లను చూచినపుడు ఈ అభ్యర్థికి ఏమి తోచును? నవ్వు వచ్చునా, కోపము వచ్చునా, ఆమె ఏల వెనుకబడినదో తెలిసికొనవలెనను బుద్ధి పుట్టునా? నిలుపుడు గడియారముతో దీనిని కొలువలేము. కొన్ని నిముషముల సంభాషణతోను, పిల్లల మధ్య అతనిని ఒక పూట నిలిపి చూచుటతోను కొంతవరకు తెలిసికొనవచ్చును. అట్టి పరీక్ష ప్రవేశమున చేరినచో లింగ్ మొదలుకొని బక్ వరకు, బక్ మొదలుకొని మొదలియారు వరకు పెద్దలు కోరినది మరికొంత నెరవేరును.

మీ గృహమున కుమారుడుగాని, కుమార్తెగాని ఈ వృత్తిని కోరినచో, పరుగెత్తువానికి చదువెందుకని నిరుత్సాహపరచకుడు. గుండు విసరుట అభ్యసించు నెలలలోనే శరీరధర్మశాస్త్రపు ప్రాథమిక గ్రంథమొకటి చదువుమని చెప్పుడు. మీ పిల్లలు చదువు పాఠశాలకు పోయినపుడు మార్కుల పట్టికను చూచి వచ్చుటతో సరిపెట్టుకొనక, ఆటస్థలములో నిలిచినవారెవరు, వారేమి చదివిరి, వారు అక్కడ వారమున ఎన్ని గంటలుందురు అని కూడ అడుగుడు. తల్లిదండ్రులు అడిగిన పాఠశాలలో ఆ కుర్చీ ఎక్కువకాలము ఖాళీగా నుండదు.